సుల్తాను గుర్రం తొక్కిన మెట్టు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే నా కూతురు హోసూరులో నన్ను కారెక్కించి మా పేటకు తీసుకుపోయింది. మా పేట అంటే నేను పుట్టి పెరిగిన ఊరు. కృష్ణగిరి దాటినాక, ఏటి ఒడ్డున ఉంటుంది. నా కూతురి ఆఫీసులో కొందరికి పాత ఊళ్ళను కాలినడకన చూసే సరదా పట్టుకుంది. మనిషికో టోపీ, మనిషికో నీళ్ళ సీసా. ముందు నడిచే అమ్మాయి చెంప పక్కన చిన్న మైకు. పుట్టిన ఊరు చూడ్డానికి టోపీ ఎందుకే అని దారంతా సణుగుతూనే ఉన్నాను. "అమ్మా, నీకు దండం పెడతాను, అక్కడ మాత్రం ఎవరినీ తప్పు పట్టొద్దు" అంది నా కూతురు. నా నోటి సంగతి దానికి బాగా తెలుసు.

బస్టాండు నుంచి ఏటి దాకా పోయేది పెద్దవీధి. నేను నోరు మూసుకునే నడిచాను. చింతపండు మండీని చూపించి రాజుల నాటి సత్రం అంది ఆ అమ్మాయి, ఊరుకున్నాను. సాయిబుగారు అత్తరు అమ్మిన చోట నిలబడి ఇక్కడ కత్తులు అమ్మేవారు అంది, పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను. చివరికి ఏటి దగ్గరికొచ్చి, పాత టీ అంగడి ముందు ఒక నల్లరాతి మెట్టు దగ్గర అందరినీ నిలబెట్టింది. మెట్టు అంచున అరచేయంత గుంట ఉంది. "సుల్తానుగారి దండు ఏరు దాటేటప్పుడు ఆయన గుర్రం డెక్క ఆనిన చోటు ఇదే. తరతరాలుగా ఇక్కడి జనం చెప్పుకునే కథ" అంది. అందరూ వంగి ఫోటోలు తీసుకున్నారు. ఒకాయన ఆ గుంటలో వేలు పెట్టి కళ్ళకు అద్దుకున్నాడు కూడా.

తాగుతున్న నీళ్ళు నాకు పొలమారాయి. తరతరాలూ లేదు, దండూ లేదు. ఆ కథ నాది. పదకొండేళ్ళప్పుడు, మా చిన్నాయన పెళ్ళి చెడిపోకుండా చూడాలని, ఆ మెట్టు పక్కన నిలబడి నేను అప్పటికప్పుడు అల్లిన పచ్చి అబద్ధం.

చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు. పెద్దవీధిలో, ఏటి వైపు చివర, ఆ టీ అంగడికి ఎదురుగానే ఆయనకు మోటారు అంగడి ఉండేది. కాలిపోయిన బావి మోటార్లకూ బోరు మోటార్లకూ కొత్తగా రాగి తీగ చుట్టి ఇచ్చేవాడు. అంగడంతా వార్నీషు వాసన. ఆయన చొక్కాలో, జుట్టులో, చివరికి నాకు కలిపి పెట్టే సంగటి ముద్దలో కూడా ఆ వాసనే. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త బీరువాకు వార్నీషు పూస్తుంటే నేను కాసేపు ఆగి పోతాను. మోటారుకు ఏం రోగమో కనుక్కోవడానికి ఆయన ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనించి, పిడి తన కుడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "బేరింగ్ ఏడస్తా ఉంది" అనేవాడు. విప్పి చూస్తే బేరింగే.

కుడి చెవికే ఎందుకంటే, ఎడమ చెవి ఆయనకు బొత్తిగా వినపడదు. చిన్నతనంలోనే పోయింది. మా ఇంట్లో ఆ మాట ఎత్తకూడదు. ఎత్తితే అవ్వ, అంటే మా నాయనమ్మ, చేతిలో ఉన్నది విసిరికొట్టేది. ఆ చెవి వల్లే మూడు సంబంధాలు తప్పిపోయాయి. ఒకరికి బస్టాండులో ఎవరో "చెవిటోడు" అని చెప్పారు. ఇంకొకరు పుట్టే పిల్లలకూ వస్తుందేమో అని వెనక్కి తగ్గారు. మూడోవాళ్ళు తింటున్న విస్తరి ముందు నుంచి లేచిపోయారు. ఆ రోజు చిన్నాయన అంగడికి పోయి మోటారు విప్పుకుంటూ కూచున్నాడు. నాకు మాత్రం వాళ్ళ బస్సుకు రాయి వేయాలన్నంత కోపం వచ్చింది. అప్పటికే ఆయనకు ముప్పై దాటాయి. ఈ నాలుగోదీ తప్పిపోతే ఇక నా కొడుకు ఒంటిగానే మిగిలిపోతాడని అవ్వ దేవుడి పటం ముందు ఏడవడం నేను చూశాను.

మా పక్క పిల్లను ఇచ్చేవాళ్ళు ముందుగా ఇల్లు చూడ్డానికి వస్తారు. పేరుకే ఇల్లు. నేల చూస్తారు, బావిలో నీళ్ళు చూస్తారు, పశువుల పళ్ళు కూడా చూస్తారు. పోయేటప్పుడు వీధిలో నాలుగు అంగళ్ళ దగ్గర నిలబడి, పిల్లోడు ఎట్లాంటోడని కూపీ లాగుతారు. ఆ కూపీలోనే ఎన్నో పెళ్ళిళ్ళు తేలిపోతాయి. ఈ సంగతి అవ్వకు తెలియనిదా? కుందారపల్లి అవతల మెట్ట ఊరి నుంచి వాళ్ళు వస్తున్నారని తెలియగానే, ముందు రోజు ఒక గంప వంకాయలు నా నెత్తిన పెట్టి పెద్దవీధి మొత్తం తిరిగింది. అంగడికి నాలుగు వంకాయలు ఇచ్చి ఒకటే మాట చెప్పింది: "ఎవురైనా అడిగితే మావోడు బంగారం లాంటోడని చెప్పండప్పా. చెవి మాట మాత్రం ఎత్తొద్దండి, మీకు పుణ్యముంటుంది."

అది మామిడికాయల కాలం. వీధిలో యాడ చూసినా బండ్లు, బండ్ల నిండా సెందూర, తోతాపురి. రసం తీసే అంగడి వెనక పారేసిన తొక్కుల మీద ఈగలు ముసిరేవి. ఆ పులిసిన తీపి వాసనకు వేయించే కాఫీ గింజల వాసన, పూలమ్మ మల్లెల వాసన కలిసి, ఎండెక్కేసరికి తల తిరిగేది. నాకు ఆ తల తిరగడం కూడా ఇష్టమే.

వాళ్ళు నలుగురు వచ్చారు. పిల్ల నాయన, ఆయన అన్నదమ్ములు ఇద్దరు, ఆయన తల్లి. ఆ ముసలమ్మ సన్నగా చువ్వలా ఉంది. రెండు ముక్కులకూ పుడకలు, నడుములో వక్కాకు సంచి, కాళ్ళకు చెప్పులు లేవు. అవ్వ చిన్నాయనను ఎడమ చెవి గోడకు ఆనేటట్టు మూలలో కూచోబెట్టింది. కదిలితే చంపుతానని ముందే చెప్పింది పాపం. వాళ్ళు అడిగినవాటికి ఆయన చక్కగా జవాబులు చెప్పాడు. ఒబ్బట్ల మీద నెయ్యి, పక్కన మామిడి రసం. అంతా బాగానే నడుస్తోంది అనుకునేలోగా ఒక రైతు కాలిపోయిన మోటారు ఎద్దులబండిలో వేసుకుని గుమ్మం ముందుకు వచ్చాడు. "అన్నా, సాయంత్రానికి నీళ్ళు పెట్టకుంటే టమోటా మొత్తం మాడిపోతాది" అని ఏడుపు మొగం పెట్టాడు. చిన్నాయన పెళ్ళివాళ్ళకు చేతులు జోడించి లేచి పోయాడు. నా కళ్ళ ముందే అవ్వ మొగం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది.

మగవాళ్ళు మా నాయనతో నేల చూడ్డానికి లేచారు. ముసలమ్మ లేవలేదు. వక్కాకు నములుతూ, "నేల మీరు చూడండప్పా. నేను వీధి చూస్తాను" అంది.

"ఎండగా ఉండాదమ్మా, ఈడనే కూచోండి" అంది అవ్వ.

"నేను ఎండలోనే పుట్టినానమ్మా."

ఇక చేసేదేముంది? అవ్వ నన్ను లోపలికి లాగి భుజం గిల్లింది. "ఏటి దాకా తీసకపో, నీళ్ళు చూపిచ్చి తీసకరా. మీ చిన్నాయన అంగడి కాడ మాత్రం నిలపొద్దు. నోరు జారినావంటే చింతబరికె తీస్తా. జారకుంటే సెందూర పండ్లు రెండు." నాకు ఇంట్లో రేడియో అని పేరు. ఆ రేడియోను నమ్ముకుని అవ్వ కొడుకు పెళ్ళిని నా చేతిలో పెట్టింది. నేను పెద్దమనిషిలా ముందు నడిచాను.

మొదట చింతపండు మండీ. ముసలమ్మ గోనెసంచిలో చెయ్యి పెట్టి, "చింతపండు ఏ ఊరిదప్పా?" అని అడిగింది.

"బంగారం లాంటోడమ్మా!" అన్నాడు మండీ చెట్టియారు.

"నేనింకా ఎవురి గురించీ అడగలేదు కదప్పా" అంది ముసలమ్మ.

చెట్టియారు తక్కెడ తుడవడం మొదలుపెట్టాడు. నేను ముసలమ్మ కొంగు పట్టి ముందుకు లాగాను. ఎస్టీడీ బూతు చూపించాను. ఆ అద్దాల గదిలో చిన్న ఫ్యాను ఉండేది, దొంగతనంగా దూరి దాని కింద నిలబడడం నాకు రోజూ పని. వీడియో క్యాసెట్ల అంగడి చూపించాను. గోలీసోడా అడిగి తాగాను, డబ్బులు ఆమె చేతే ఇప్పించాను. గాజుల అంగడి ఆయన కన్నడం మాట్లాడేవాడు. మేం మెట్టెక్కగానే ఆయన లేచి నిలబడి, "చిన్నదంథ హుడుగ!" అన్నాడు. నాలుగడుగులు పోతే పూలమ్మ. ఆమెది అరవం. మల్లెల దారం పళ్ళ మధ్య పట్టుకునే, "తంగమాన పిళ్ళమ్మా" అంది. బంగారం, చిన్న, తంగం. మూడు భాషల్లోనూ ఒకటే పాఠం. ఆ మూడు భాషలూ మా పక్క చిన్నపిల్లలకు కూడా వచ్చని మా అవ్వకు ఎందుకు తట్టలేదో!

ముసలమ్మ పూలు మూర కొని నా జడలో పెట్టి, "మీ వీధిలో బంగారం శానా అగ్గువగా దొరుకుతాదే పాపా" అంది. నాకు సిగ్గుతో చెవులు మండాయి.

వీధి కిందికి దిగుతుంటే తడి ఇసుక వాసన మొదలవుతుంది. ఏటి మెట్ల మంటపం కనబడుతోంది. ఎడమ చేతి వైపు చిన్నాయన అంగడి, కుడి వైపు టీ అంగడి. ఈ పది గజాలు దాటిస్తే చాలు, గట్టెక్కినట్టే. "బిరబిరా రాండవ్వా, కెలవరపల్లి డ్యాములో నీళ్ళు వదిలినారంట, ఏరు చూద్దాం" అన్నాను.

"ఏరు యాడికీ పోదులే. నాకు కాళ్ళు నొస్తా ఉండాయి" అని ఆమె తిన్నగా పోయి టీ అంగడి నల్లరాతి మెట్టు మీద కూచుంది. కూచున్నది చిన్నాయన అంగడికి ఎదురుగా!

ఎలాగైనా ఆమె చూపు అటు పోకుండా చూడాలి. కిందికి చూస్తే మెట్టు అంచున గుంట కనబడింది. అంతే, నోట్లో నుంచి వచ్చేసింది. "అవ్వా, మీరు కూచున్నది ఏందో తెలుసునా? సుల్తాను గుర్రం తొక్కిన మెట్టు! గుర్రం తెల్లది. దానికి వెండి లాడాలు. ఏట్లో వరద వచ్చినప్పుడు ఒకే దూకు దూకి ఈడ కాలు పెట్టింది, రాయి దిగిపోయింది!"

టీ కాస్తున్న ఆయప్ప గరిటె పట్టుకుని తొంగి చూశాడు. బట్టతల, మెడలో తువ్వాలు. నన్ను పట్టించేస్తాడేమో అనుకున్నాను. ఆయన మాత్రం నిమ్మళంగా, "ఔనౌను. మా తాత చెప్పేవాడు. ఈ మెట్టు మీద కూచుంటే మోకాళ్ళ నొప్పులు పోతాయంట" అన్నాడు. ఆయన అందుకున్న తీరుకు నాకు ఇంకా ఉత్సాహం వచ్చింది. గుర్రానికి పేరు పెట్టాను, అది తిన్న ఉలవల కొలత చెప్పాను, సుల్తాను ఇదే అంగడిలో టీ తాగినాడని కూడా చెప్పేశాను. ముసలమ్మ ఊఁ కొడుతూనే ఉంది. కళ్ళు మాత్రం వీధికి ఆ పక్కనే ఉన్నాయి.

చిన్నాయన అంగడి ముందు పీట మీద కూచుని తీగ చుడుతున్నాడు. ఎడమపక్క వీధి, కుడిపక్క పాత మోటార్ల గుట్ట. టీ ఆయప్ప ఒక గ్లాసు తీసుకుని వీధి దాటాడు. దగ్గరి దారి ఎడమపక్కే. ఆయన అటు పోలేదు. తీగల చుట్టలు దాటి, మోటార్ల గుట్ట మీద కాలు వేసి, పంచె పైకి పట్టుకుని, చుట్టూ తిరిగి కుడిపక్కకు పోయి గ్లాసు ఇచ్చాడు. తర్వాత టమోటా రైతు వచ్చాడు. ఆయనా అంతే, చుట్టూ తిరిగి కుడిపక్క నిలబడి మాట్లాడాడు. ఒక సైకిలాయన వెనక నుంచి వస్తూ గంట కొట్టలేదు, దిగి, సైకిలు తోసుకుని పక్కకు తప్పుకుని పోయాడు. పూలమ్మ పై నుంచి దిగివచ్చింది. పిలవలేదు. కుడి భుజం తట్టి, ఫ్యాను తిరగడం లేదని చేత్తోనే చూపించి పోయింది.

నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే ఇది. నాకు అది వింతగా ఎప్పుడూ కనబడలేదు. ఆ ముసలమ్మకు కనబడింది.

"పాపా, ఈ వీధిలో అందురూ మీ చిన్నాయనకు కుడిపక్కనే పోయి నిలబడతారే, ఎందుకు?"

నోటికి వచ్చింది చెప్పేశాను, చెప్పకుంటే బాగుండేది. "అది మా పేట మర్యాదవ్వా. ఎడమపక్క నిలబడితే మాకు దోషం."

"అట్లనా?" అని ఆమె లేచింది. కొంగు దోపుకుని నేరుగా వీధి దాటి, చిన్నాయనకు ఎడమపక్క పోయి నిలబడింది. "అప్పా" అని పిలిచింది.

చిన్నాయన తీగ చుట్టలు లెక్కపెట్టుకుంటూ వంచిన తల ఎత్తలేదు.

"ఏమప్పా" అని ఇంకోసారి, కొంచెం గట్టిగా పిలిచింది.

టీ ఆయప్ప పాలు పొంగిపోతున్నా చూడలేదు. పూలమ్మ దారం పళ్ళ మధ్యే ఉండిపోయింది. పైన మండీ చెట్టియారు కూడా వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. నేను ఏడుపు గొంతుతో, "ఆయనకు లెక్క తప్పుతాదవ్వా, పిలవొద్దండి!" అని అరిచాను. అదీ అబద్ధమేనని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

మెడ మీద నీడ పడితే చిన్నాయన తిరిగి చూశాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. మా ఇంట్లో అన్నేళ్ళుగా దాచిపెట్టిన మాటను, నీళ్ళు కావాలా అని అడిగినంత తేలిగ్గా చెప్పేశాడు.

"ఆ చెవి వినపడదవ్వా. చిన్నప్పుడే పోయింది. ఈ పక్కకు రాండి."

టీ ఆయప్ప నెత్తి కొట్టుకున్నాడు. ముసలమ్మ తీగల చుట్టలు దాటి, మోటార్ల గుట్ట చుట్టూ తిరిగి కుడిపక్కకు పోయింది.

"వచ్చినానప్పా. పుట్టుకతోనే పోయిందా?"

"లేదవ్వా, ఏడేళ్ళప్పుడు. ఈత కొట్టి కొట్టి చీము పట్టింది. మందు వేసినారు, నాకే పట్టలేదు. మావాళ్ళు చెప్పలేదా మీకు?"

"లేదప్పా."

"చెప్పమన్నాను నేను. చెప్పకుండా చేసుకుంటే, రేపు ఆ పిల్ల ఎడమపక్క నుంచి పిలుస్తాది, నేను పలకను. అప్పుడు ఆ పిల్లకు నేను మొగం ఎట్ల చూపించేది?"

ఆమె నా వైపు తిరిగింది. ఏరు కూడా చూడలేదు. ఇంటికి పోదాం పద అంది. దారి పొడుగునా నేను ముక్కు చీదుకుంటూ నడిచాను. సెందూర పండ్లు పోయాయనే ఏడుపు కాదది. నా వల్లే చిన్నాయన పెళ్ళి పోయిందని.

మేం వచ్చేసరికి మగవాళ్ళు నేల చూసుకుని వచ్చి, సంతోషంగా మజ్జిగ తాగుతున్నారు. ముసలమ్మ గుమ్మంలో నిలబడే చెప్పింది: "పిల్లోనికి ఎడమ చెవి వినపడదు."

పిల్ల నాయన చెంబు కింద పెట్టి లేచాడు. "ఏందమ్మా ఇది? ఇంత మాట దాచిపెట్టి ఒబ్బట్లు పెడతారా మాకు? లెయ్యండి పోదాం!" మా నాయన తల వంచుకున్నాడు.

అప్పుడు మా అవ్వ, ఊరందరినీ నోటితో అదిలించే మా అవ్వ, స్తంభం పట్టుకుని కిందికి జారి కూచుంది. "నా చేతులతోనే పోగొట్టినానమ్మా" అంది. "చెవిలో చీము కారుతా ఉంటే, ఆముదంలో తెల్లగడ్డ కాచి పోస్తే పోతాదని అందురూ చెప్తిరి. కాచినాను. ఆరిందా లేదా అని వేలు పెట్టి చూడకుండా పోసేస్తిని. బిడ్డ ఎట్ల అరిచినాడో! ఇన్నేళ్ళల్లో ఒక్కసారి కూడా, నువ్వే పోసినావు కదమ్మా అని వాడు నన్ను అనలేదు. నేను దాచింది వాని చెవుడు కాదమ్మా, నా తప్పు."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. మందు వేసినారు, నాకే పట్టలేదు అని కాసేపటి ముందు చిన్నాయన అన్న మాట గుర్తుకొచ్చింది. ముసలమ్మకూ గుర్తుకొచ్చి ఉంటుంది. అవ్వ పక్కనే పోయి కూచుంది.

"కూచో నాయనా" అంది కొడుకుతో. "నేల నువ్వు చూసినావు, వీధి నేను చూసినాను. బంగారం బంగారం అని వాళ్ళు చెప్పింది ఒక్కటీ నేను నమ్మలే. చెప్పిచ్చిన మాటని నాకు తెలియదా? కానీ ఆ టీ అంగడి ఆయప్ప చేతిలో వేడి గ్లాసు పెట్టుకుని, దగ్గరి దోవ వదిలేసి, చుట్టూ తిరిగి కుడిపక్కకు పోయినాడు. అది ఎవురూ చెప్పిచ్చింది కాదు. ఒగరు కాదు, అందురూ అట్లనే. ఈ పిల్లోడు వాళ్ళకు ఎంత చేసింటే వాళ్ళ కాళ్ళు అట్ల తిరుగుతాయి? నాకు ఇష్టమే. పిల్లను అడుగుదాం. దానికీ ఇష్టమైతే ఈడికే ఇస్తాము."

పోతూ పోతూ నా చెంప గిల్లి చెవిలో చెప్పింది: "ఆ గుర్రం కథ మాత్రం బాగుండాది పాపా. దాన్ని వదలొద్దు."

పిల్లకు ఇష్టమైంది. మా చిన్నమ్మ ఆమె. తనతో ఆ ముసలమ్మ ఏం చెప్పిందో చాలా ఏళ్ళ తర్వాత, మురుకులు వత్తుతూ నాకు చెప్పింది. "మీ నేల గురించి ఒక్క మాటా చెప్పలేదు పాపా. ఆ ఊర్లో అందురూ ఆయనకు కుడిపక్క నిలబడతారు, నువ్వూ నిలబడేదానికి అయితాదా అని అడిగింది. అంతే. అయితాది అన్నాను."

తాళి కట్టినాక పెళ్ళికూతురు పెళ్ళికొడుకుకు ఎడమపక్కకు మారాలి కదా, అయ్యవారు లేవమన్నాడు. ముసలమ్మ ముందు వరుసలో నుంచి లేచి, "ఎడమపక్క కూచుంటే దీని మాట వానికి ఎట్ల వినపడేది అయ్యోరా?" అని గట్టిగా అడిగింది. పందిరి మొత్తం నవ్వింది. అయ్యవారు పాపం శాస్త్రం శాస్త్రం అని మొత్తుకున్నాడు. చివరికి ఒక్క నిమిషం ఎడమపక్క కూచోబెట్టి, అక్షింతలు పడగానే మళ్ళీ కుడిపక్కకు మార్చారు. మా చిన్నమ్మ ఇక అక్కడి నుంచి కదల్లేదు. నాకు సెందూర పండ్లు రెండు కాదు, బుట్టెడు దొరికాయి.

చిన్నాయన పోయి రెండేళ్ళయింది. మోటారు అంగడి ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఇవన్నీ ఆ మెట్టు ముందు నిలబడి తలుచుకుంటున్నాను, అప్పటికి టోపీలవాళ్ళ ఫోటోలు అయిపోయాయి. అబద్ధం చెప్పొద్దు తల్లీ అని ఆ అమ్మాయికి చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. వీధి అంతా మెట్లు తీసేసి రోడ్డు వెడల్పు చేశారు. ఒక్క ఈ మెట్టే ఎందుకు మిగిలిందా అని కూడా అనిపించింది.

అప్పుడు టీ అంగడి లోపలి నుంచి ఒక ముసలాయన కర్ర పట్టుకుని వచ్చాడు. ఆ బట్టతల, మెడలో ఆ తువ్వాలు. నన్ను ఎగాదిగా చూశాడు. "మోటారాయన అన్న కూతురు కదా నువ్వు? అదే మొగం, అదే మూతి" అన్నాడు. ఆయన అప్పటికే నా ఎడమపక్కన, దగ్గరలోనే ఉన్నాడు. అయినా ఆయన కర్ర తాటించుకుంటూ, ఆ టోపీలవాళ్ళను తప్పించుకుంటూ, నా వెనకగా తిరిగి నా కుడిపక్కకు వచ్చి నిలబడ్డాడు. వచ్చినాక మాట్లాడాడు. నాకు రెండు చెవులూ బాగానే వినపడతాయి. ఆ సంగతి ఆయనకు నేను చెప్పలేదు.

"ఈ గుంట ఎట్ల పడిందో నీకు తెలుసునా పాపా?" అన్నాడు మెల్లగా. "మీ చిన్నాయన అంగడి పెట్టకముందు మా అంగడి తిన్నె మీదే పని చేసేవాడు. ఒకరోజు మోటారు ఎత్తుకొని వస్తా ఉంటే, నేను ఎడమపక్క నుంచి వేడి పాలు వేడి పాలు అని అరుస్తా వస్తిని. వాడు పక్కకు తప్పుకోలే. పాలు మీద పడినాయి, చెయ్యి కాలింది, మోటారు జారి ఈడ పడింది. వినపడదని నాకు తెలియదు. కాలిన చేత్తోనే నా గిన్నె తీసిచ్చి, తప్పు నాదేనన్నా అన్నాడు. ఆ పొద్దు నుంచి నేను ఎడమపక్క పోలే. నన్ను చూసి అందురూ పోవడం మానేసిరి."

"మరి మెట్టు తీసేయలేదే?" అన్నాను.

"తీసేదానికి జేసీబీ వచ్చినాది. నేను అడ్డం కూచున్నాను. ఇది సుల్తాను గుర్రం తొక్కిన మెట్టప్పా, చరిత్ర అని చెప్పినాను. మోటారు పడిందంటే ఎవురు వదిలేది? నీ గుర్రమే కాపాడినాది పాపా. వచ్చినోళ్ళందరికీ నేను అదే చెప్తా ఉండాను."

నేను కూచుని ఆ గుంటలో చెయ్యి పెట్టాను. కళ్ళ నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. నా కూతురు కంగారుపడి పక్కన కూచుంది. మైకు అమ్మాయి దగ్గరికి వచ్చి, "మీరు ఈ ఊరివారేనట కదా ఆంటీ. గుర్రం కథలో నేను ఏమైనా తప్పు చెప్పానా?" అని అడిగింది.

"లేదమ్మా, అంతా సరిగ్గానే చెప్పావు" అన్నాను. "ఒక్కటే వదిలేశావు. ఆ గుర్రానికి ఎడమ చెవి వినపడేది కాదు. ఈసారి వచ్చేవాళ్ళకు అది కూడా చెప్పు."

ఆ అమ్మాయి శ్రద్ధగా ఫోనులో రాసుకుంది.